మూడు దిండ్లు

ఆ పరీక్షలో రోగులు మాట్లాడతారు. నాకు వచ్చిన చిక్కల్లా అదే.

నేను పనిచేసేది హూడి పక్కన ఒక ఆసుపత్రి ఐసీయూలో. రెస్పిరేటరీ థెరపిస్టుని. మా బంధువులకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఊపిరి మిషన్ల పని. వెంటిలేటర్ పెట్టడం, రోగికి సరిపోయేలా దాన్ని సర్దడం, గొంతులో గొట్టం చుట్టూ పేరుకున్న కఫం లాగడం, గొట్టం ఎప్పుడు తీయొచ్చో డాక్టరుతో కలిసి చూడడం. తొమ్మిదేళ్ళుగా నా రోగుల్లో ఎక్కువమంది గొట్టంతోనే ఉన్నారు. గొట్టం ఉన్నవాళ్ళు మాట్లాడలేరు. అడిగినా జవాబు రాదు కాబట్టి నేను అడగడం మానేశాను. ఛాతీ లేచే తీరు చూస్తాను, తెర మీద గీత చూస్తాను, చెయ్యి వేసి చూస్తాను. దాంతో పని జరిగిపోతుంది.

చేరిన కొత్తలో అలారం మోగితే గుండె ఝల్లుమనేది. రానురాను చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అయింది. వేలు దానంతటదే పోయి మోతను ఆపుతుంది, ఆ తర్వాత కళ్ళు మంచం వైపు తిరుగుతాయి. అలా చేయకూడదని మాకందరికీ తెలుసు. అందరం అలాగే చేస్తాం. ఇంట్లోనూ నేను అలాగే తయారయ్యాను. కుక్కర్ కూతలు, కింది వర్క్‌షాపులో సుత్తి దెబ్బలు, అమ్మ దగ్గు, ఏదీ నా దాకా వచ్చేది కాదు. ఎవరైనా పోయారని తెలిసినా, ఎవరికైనా పెళ్ళి కుదిరిందని తెలిసినా ఒకేలా తలూపేదాన్ని. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటావే అని అమ్మ అనేది. అది నిబ్బరమని ఆమె అనుకుంది. నేను మొద్దుబారిపోయాను, అంతే.

ఆ ఏడాది మా ఆసుపత్రిలో కొత్త నియమం వచ్చింది. థెరపిస్టులకు ఒక అర్హత పరీక్ష ఉంది. అది పాసై సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళే ఐసీయూలో ఉంటారు. తేనివాళ్ళు కింది అంతస్తులో మిషన్ల భాగాలు విడదీసి కడిగే గదికి వెళ్ళాలి. మూడుసార్లు రాయనిస్తారు. నేను రెండుసార్లు తప్పాను.

పుస్తకాల్లో చదివి రాసే భాగం మొదటిసారే పాసయ్యాను. తప్పింది రెండో భాగంలో. కంప్యూటర్ తెర మీద ఒక రోగి వస్తాడు. ఆయాసంతో వచ్చిన అరవై ఏళ్ళ మనిషి అని ఒక వాక్యం ఉంటుంది. కింద ప్రశ్నలూ పరీక్షలూ ఒక పెద్ద పట్టీ. వాటిలో ఏవి అడగాలో మనమే ఎంచుకోవాలి, ఎంచుకున్నదానికే జవాబు కనబడుతుంది. అడగాల్సింది అడక్కపోతే మార్కు పోతుంది, అక్కర్లేనిది అడిగినా పోతుంది. నేను రెండుసార్లూ దాదాపు ఏమీ అడక్కుండా నేరుగా వైద్యానికి దిగాను. మంచం పక్కన నిలబడితే అలాగే కదా చేస్తాను. తెర మీద రోగికి ఛాతీ లేదని గుర్తుండేది కాదు.

మా సీనియర్ ఒకావిడ ఉంది, మదనపల్లె వైపు మనిషి. నా మార్కుల కాగితం చూసి నవ్వింది.

"నీ చేతులు బాగుండాయి మే. నీకు లేంది నోరు. ఇంట్లో ఎవురైనా ఉంటే కూచోబెట్టి పేషెంట్ చెయ్యి. దినానికొక కేసు అడుగు. అడిగి అడిగి నోరు తిరగల్ల."

ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. నగర్తపేటలో ఒక మేడ మీద గదిన్నర ఇల్లు మాది. అదే వీధిలో హోల్‌సేల్ చీరల అంగడిలో అమ్మ పని. చీర మడత వేయడం, కవరులో దూర్చడం, డజను చొప్పున కట్ట కట్టి పై అంతస్తులోని గోడౌనుకు మోయడం.

అది అనపకాయల కాలం. సెలవు రోజు పొద్దున్నా, మామూలు రోజు డ్యూటీ నుంచి మెట్రో దిగి వచ్చాకా, అమ్మ నానిన గింజల గిన్నె ముందేసుకుని పితికిపప్పుకు పొట్టు ఊడేలా పితుకుతూ కూర్చునేది. నేను నోటు పుస్తకం తెరిచి ఎదురుగా కూర్చునేదాన్ని.

"మా, నువ్వు పేషెంటు. మూడు దినాలుగా దగ్గు, జరం, పచ్చగా కఫం. నేనడిగితే అదే చెప్పల్ల."

"చెప్తా అడుగు."

అడిగేలోపే మరిచిపోయేది. దగ్గు ముందా జరం ముందా అనేది. రెండు రోజులు చూసి మూడోరోజు చేతులెత్తేసింది.

"నీ పాఠం నాకు పట్టదు పాపా. నువ్వు సుమ్నే, ఊరికే అడుగు, నా నోటికేమొస్తే అది చెప్తా."

నాకూ అదే నయమనిపించింది. పరీక్షలో కూడా జవాబు ముందే తెలియదు కదా. అప్పటి నుంచి అమ్మ నోటికి వచ్చింది చెప్పడం, నేను రాసుకోవడం. ఆమె నోటికి వచ్చేది ఎక్కడి నుంచి వస్తోందో నేను ఆలోచించలేదు. ఆమె కల్పించడం లేదు. కల్పించడం ఆమెకు చేతకాదు. మూడు ముక్కల పాఠమే గుర్తుపెట్టుకోలేని మనిషి, రోజూ తన ఒంటి సంగతే చెబుతూ వచ్చింది.

పదకొండో కేసు నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నీలం ఇంకు, కింద రెండు గీతలు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తాదా?"

"వస్తాది. ముందు గోడౌను దాకా ఒకే బిగిన పోతా ఉంటి. ఇప్పుడు నడిమధ్యన నిలబడుకుంటా. ఎవురన్నా చూస్తే కట్టలు ఎంచతా ఉండేదాని మాదిరి నటిస్తా. ముసిల్దైపోయిందనుకుంటే బేజారు కదా."

"పండుకునేటప్పుడు ఎన్ని దిండ్లు?"

"మూడు. రెండు మనింట్లోవి, ఇంకోటి పాత చీరల మూట. తల కిందికి దించితే ఊపిరాడదు."

"కాళ్ళు వాస్తాయా?"

"సాయంత్రానికి చెప్పు పట్టదు."

నేను రాసుకున్నాను. యాభై ఎనిమిదేళ్ళ స్త్రీ, మెట్లెక్కితే ఆయాసం, మూడు దిండ్లు, పాదాల వాపు. ఇది ఊపిరితిత్తుల జబ్బు కాదు, గుండె వైపు నుంచి వచ్చే ఆయాసం అని తేల్చి గీతలు కొట్టాను. నాకు నేనే భుజం తట్టుకున్నంత పని చేశాను.

"భలే చెప్పినావు మా. అచ్చం హార్ట్ కేసు ఇది."

"అట్లనా?" గింజ పితుకుతున్న వేళ్ళు ఆగాయి. "అదేమన్నా పెద్ద రోగమా?"

"ఆ పేషెంటుకు పెద్దదే," అన్నాను.

అమ్మ మళ్ళీ గింజలు పితుక్కుంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. "చిన్నప్పుడు నాకు జరమొచ్చి మోకాళ్ళు రెండూ ఇంత లావు వాచిపోయె. మా నాయన భుజం మీద ఎత్తుకోని..."

"చిన్నప్పటి కతలొద్దు మా. అక్కర్లేనివి చెప్తే మార్కు పోతాది."

"అయ్యో, పోతాదా?" అని నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి ఏది చెప్పబోయినా ముందు నా మొహం చూసి, ఇది చెప్పొచ్చా అని అడిగేది. నా మార్కులు తన వల్ల పోకూడదని.

ఎలా పట్టుకోలేకపోయావు అని తర్వాత చాలామంది అడిగారు. ఆట అనుకున్నానని చెబుతాను. అది సగమే నిజం. ఆ మూడు దిండ్లు నా పక్కనే ఉండేవి. చీరల మూటను పొద్దున్నే తీసి మూలన పెట్టేదాన్ని నేనే. మిగతా సగం ఏమిటంటే, ఆ జవాబులతో నాకు పని లేదు. నాకు కావాల్సింది ప్రశ్నలు. అవి వరుసలో వస్తున్నాయా లేదా, ఏదైనా మరిచిపోయానా, అంతవరకే నా చెవి పనిచేసింది. ఆసుపత్రిలో అలారం ఆపాకైనా మంచం వైపు తిరిగేదాన్ని, ఇంట్లో అదీ లేదు.

అనపకాయల కాలం అయిపోయాక పరీక్ష రాశాను. సంచీ, ఫోను, చేతి గడియారం బయట పెట్టించి లోపలికి పంపారు. చెవులకు మోత వినపడకుండా పెద్ద హెడ్‌ఫోన్లు ఇచ్చారు. నాకు వాటి అవసరమే లేదు. నాలుగో రోగి ఒక స్త్రీ, ఆయాసం. పట్టీలో దిండ్ల ప్రశ్న ఉంది. తడుముకోకుండా ఎంచుకున్నాను. తెర మీద జవాబు వచ్చింది. మూడు.

నాకేమీ గుర్తుకు రాలేదు. సరైనది అడిగానని మాత్రం తెలిసింది, తర్వాతి ప్రశ్నకు వెళ్ళాను.

పాసయ్యాను. ఫలితం అక్కడే చెప్పారు. మెట్రోలో కూర్చుని సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాను, మెజెస్టిక్ స్టేషన్ దాకా రాలేదు. సంతోషమంతా అమ్మదే. వీధిలో కనబడిన ప్రతివాళ్ళకూ, నేను పేషెంట్ కాకుంటే అది పాసయ్యేదా అని చెప్పుకుంది. ఉగాదికి ఒబ్బట్లు చేసి మా సీనియర్‌కు డబ్బా కట్టిచ్చింది. ఆ రోజు పిండి కలుపుతూ రెండుసార్లు గోడకానుకుని కూర్చుంది. పిండి గట్టిపడిందేమో అనుకున్నాను.

ఉగాది అయిన నాలుగోనాడు మధ్యాహ్నం అంగడి నుంచి ఫోను వచ్చింది. అమ్మ గోడౌను మెట్ల మీద కూర్చుండిపోయింది, లేవడం లేదు. నేను చేరేసరికి దగ్గర్లోని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పడుకోబెట్టారని కూడా అనకూడదు. పడుకోలేక కూర్చునే ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

ముందే చెప్పేస్తాను, అమ్మ బతికింది. గుండెలో ఒక కవాటం ముడుచుకుపోయిందన్నారు. బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. ఇప్పుడు ఒక్క దిండుతో పడుకుంటుంది, మెట్ల పని మానేసింది, నా మీద అరిచే ఓపిక కూడా వచ్చింది. చాలా ఆలస్యంగా వచ్చారని మాత్రం ఆ బెలూన్ పెట్టిన డాక్టరు ఒకటికి రెండుసార్లు అంది. కానీ ఆ మధ్యాహ్నం ఇవేవీ మాకు తెలియవు. బతుకుతుందో లేదో కూడా తెలియదు.

డ్యూటీ డాక్టరు చిన్న పిల్ల, హిందూపురం అమ్మాయి. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసం ఎన్నాళ్ళుగా, ఎన్ని దిండ్లు, కాళ్ళ వాపు ఎప్పటి నుంచి. అవే ప్రశ్నలు, దాదాపు అదే వరుస. అమ్మ ఆయాసపడుతూ, "అదంతా మా పాపకు చెప్పేసినాను," అంది. డాక్టరు నా వైపు చూసింది. నా సంచీలో నోటు పుస్తకం ఉంది. ఎందుకు తీశానో తెలియదు, పదకొండో కేసు ఉన్న పేజీ తెరిచి ఇచ్చాను. ఆ అమ్మాయి చదివి, పైన వేసిన తేదీ చూసింది.

"హిస్టరీ చాలా బాగా తీసినారు మేడమ్. ఎవరు రాసింది?"

నేనే అన్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు నిలబడ్డాను. సిగ్గేసింది. ఎన్నేళ్ళ తర్వాతో ఏదో ఒకటి అనిపించింది, అది సిగ్గు.

ఆ అమ్మాయి పుస్తకం పక్కన పెట్టి అమ్మ వైపు వంగింది. "ఇంకొకటి చెప్పండమ్మా. చిన్నప్పుడు ఎప్పుడన్నా జ్వరం వచ్చి కీళ్ళు వాచినాయా?"

చిన్నప్పటి ఆ జ్వరమే ఏళ్ళు గడిచాక గుండె కవాటాన్ని పాడుచేస్తుంది, నేను పరీక్షకు చదివిందే. అమ్మ ఊపిరి కూడదీసుకుని, డాక్టరును దాటి నా మొహం కేసి చూసింది.

"పాపా, ఇది చెప్పొచ్చా? మార్కు పోతాదంటివే."

"చెప్పు మా," అన్నాను.

చెప్పింది. మోకాళ్ళు ఎంత లావు వాచాయో, వాళ్ళ నాయన ఎన్ని మైళ్ళు భుజం మీద ఎత్తుకుని నడిచాడో, ఊపిరి ఆగినచోటల్లా ఆగుతూ మొదటి నుంచి చెప్పింది. పక్క మంచం దగ్గర ఏదో మిషను మోగుతూనే ఉంది. నేను అటు వెళ్ళలేదు, అమ్మ ముగించేదాకా కదలకుండా విన్నాను.