తెర మీద మారిన బరువు

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నేనెన్నడూ నమ్మలేదు. నా భార్య పోయాక కూడా నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ ఏడాది కొంచెం తేలికగా గడిచేదేమో.

మేమిద్దరం కర్నూలులో ఒకే ఆసుపత్రిలో పసిపిల్లల డాక్టర్లం. నెలలు నిండని బిడ్డలకు సెలైన్‌లో ఎక్కించే పోషకాల లెక్క కాగితం మీద అరగంట పట్టేది. సెల్‌ఫోన్లు ఇంకా మాట్లాడటానికే పనికొచ్చే రోజులవి. ఆమె అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ కొని, ఆ లెక్కంతా తనే అందులో రాసింది. బిడ్డ బరువు కొడితే చక్కెర, ప్రొటీన్, కొవ్వు ఎంతెంతో చూపేది. ఆమె పోయాక దాన్ని నేను వాడసాగాను.

ఒక ఉదయం బద్వేలు నుంచి వచ్చిన బిడ్డను తూచాం. ముందురోజు 1160 గ్రాములు, ఆ రోజు 1180. పెరుగుతోంది కదా, సెలైన్ ఆపి పాలతోనే నడుపుదామనుకున్నాను. చివరిసారి లెక్క చూద్దామని 1180 కొట్టాను. తెర మీద 1140 వచ్చింది. వేలు తప్పిందేమోనని మళ్లీ కొట్టాను. 1140. మూడోసారీ అదే.

పక్కనున్న నర్సు నవ్వింది. "మేడం మిషిన్ గదా సార్, మీ మాట యాడ వింటాది?"

బిడ్డను మళ్లీ తూచమన్నాను. చలి తగలకుండా గుడ్డతోనే తూచి, గుడ్డ బరువు తీసేయడం మా పద్ధతి. ఈసారి గుడ్డ విప్పించాను. మడతలో నల్లదారం చుట్టిన ఇనుప తాళంచెవి ఉంది. దాన్ని కాటా మీద పెడితే నలభై గ్రాములు.

గుడ్డలు ఉతికి తెచ్చే అవ్వను పిలిచి అడిగాను.

"నేనే ఈ పొద్దున పెట్టినా సార్. ఇనుము లేకుంటే బిడ్డ బెదురుతాది గదా. మీ మిషిన్లు కాపలా కాస్తాయా ఏమి?" అంది.

కోప్పడలేకపోయాను.

బిడ్డ పెరగలేదు, ఇరవై గ్రాములు తగ్గింది. సెలైన్ ఆపలేదు. ఎందుకు తగ్గిందోనని రక్తం పరీక్షకు పంపితే ఇన్‌ఫెక్షన్ అప్పుడే మొదలైందని తేలింది. ఆ రోజే మందు పడింది. నెల తర్వాత బిడ్డ బద్వేలుకు వెళ్లిపోయింది.

కంప్యూటర్లు తెలిసిన స్నేహితుడొకరు ఆ లెక్కను వరుస వరుసా చదివాడు. బరువును మార్చే మాట ఎక్కడా లేదన్నాడు. మీటలు బాగున్నాయన్నాడు.

తర్వాత కొన్నాళ్లు, గదిలో ఎవరూ లేనప్పుడు, ఏ బిడ్డదీ కాని తప్పు బరువొకటి కావాలనే కొట్టి, కాసేపు చూస్తూ కూర్చునేవాణ్ణి.

అది ఎప్పుడూ దిద్దలేదు.