సలోమీగారు చూసిపెట్టిన వేణ్ణీళ్ళు

ఈ ఉదయం పక్క ఫ్లాటువాళ్ళు గీజర్ పెట్టించుకుంటూ బాత్రూమ్ గోడకు డ్రిల్లు వేయించారు. వేడెక్కిన ఇటుక, సిమెంటు పొడి కలిసిన వాసన తలుపు సందులోంచి మా వంటింట్లోకి వచ్చింది. ఎవరికైనా చిరాకు పుట్టించే వాసనే అది. నాకు మాత్రం సలోమీగారు గుర్తొస్తారు. 

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం మైలవరంలో ఆవిడ ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో. భర్త పోయాక షాపు అమ్మెయ్యమని చుట్టాలంతా చెప్పినా వినకుండా తనే నడిపిన మనిషి. నూలు చీర, సన్నటి గొలుసుకు చిన్న సిలువ, ఎప్పుడూ కాస్త జారిన కళ్ళజోడు. ఆదివారం చర్చి వేళకు షాపు మూయాల్సిందే, ఎంత పెద్ద బేరమైనా సోమవారం దాకా ఆగాల్సిందే. గీజర్ కావాలని ఎవరొచ్చినా ఆవిడ ముందు ధర చెప్పేవారు కాదు. "ఇంట్లో ఎవరెవరున్నారండీ? బోరు నీళ్ళా, పంచాయతీ నీళ్ళా? ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది?" అంటూ పెళ్ళిసంబంధం మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టేవారు. కొందరు విసుక్కుని వెళ్ళిపోయేవారు. నా ప్రాణం ఉసూరుమనేది. ఆవిడ మాత్రం "పోనీలే అమ్మాయ్, ఇష్టమైతే మళ్ళీ వస్తారు" అని ఫ్యాను కిందకు జరిగి కూర్చునేవారు.

ఒక చలికాలం సాంబశివరావుగారనే మామిడితోటల రైతు వచ్చారు. కూతురు పురిటికి పుట్టింటికి వచ్చిందట. "మా తోడల్లుడింట్లో ఉందండీ, కుళాయి తిప్పగానే వేణ్ణీళ్ళొచ్చేది. అదివ్వండి" అన్నారు.

"అది చిన్నదండీ, ధార సన్నగా వస్తుంది. గిన్నెలు కడుక్కోడానికి బావుంటుంది. బాలింతకీ బిడ్డకీ బకెట్ల కొద్దీ నీళ్ళు కావాలి కదా. కాగిన నీళ్ళు నిలవుండేది తీసుకోండి. ముందు మీ బాత్రూమ్ ఒకసారి చూస్తాను" అన్నారు సలోమీగారు. ఆయన మొహమాటానికి సరేనన్నారు.

మా షాపు ఎలక్ట్రీషియన్ బాజీనీ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. బాజీ ప్లగ్గు విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. షాకు కొట్టకుండా కరెంటును భూమిలోకి పంపే ఎర్తు వైరే లేదు. "ముందు పెరట్లో గొయ్యి తీయించి ఎర్తింగ్ వేయించండి. అప్పటిదాకా నేను గీజర్ ఇవ్వనండీ" అన్నారు సలోమీగారు.

సాంబశివరావుగారి మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళుగా ఈ హీటర్ రాడ్డుతోనే కాచుకుంటున్నాం. ఎవరికేమైంది? మీరు కాకపోతే బెజవాడ నిండా షాపులే!"

అక్కణ్ణించి బయటపడితే చాలనిపించింది నాకు. ఆవిడ కదల్లేదు. "అక్కడే కొనుక్కోండి, తప్పేముంది? ఆ రాడ్డు ఒకసారి వెయ్యమనండి, చూసి వెళ్ళిపోతాం."

బాజీ స్టీలు బకెట్టులో రాడ్డు పెట్టి, స్విచ్చి వేసి, బకెట్టు అంచుకు టెస్టరు ఆనించాడు. టెస్టర్లో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురు మెల్లగా అంది: "నాన్నా, మొన్నట్నించీ బకెట్టు ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటోంది. కడుపుతో ఉన్నాను కదా, నీరసమేమో అనుకున్నా."

సాంబశివరావుగారే వెళ్ళి స్విచ్చి కట్టేశారు. తర్వాత వంటింటివైపు తిరిగి, "ఏమే, వీళ్ళకి కాఫీ పెట్టు. చిక్కటి పాలతో పెట్టు" అని కేకేశారు. మర్నాడే గొయ్యి తవ్వించారు. గీజర్ మా దగ్గరే తీసుకున్నారు. ఆ నెలలోనే మనవరాలు పుట్టింది.

ఆ రోజు వాళ్ళింటి నుంచి తిరిగొస్తూ దారిలో సలోమీగార్ని అడిగాను. "మీవాళ్ళెవరికైనా కరెంటు కొట్టిందా మేడమ్? అందుకేనా ఇంత పట్టుదల?"

ఆవిడ పకపకా నవ్వారు. "అందరూ అదే అనుకుంటారు. మా ఆయన కామెర్లతో పోయాడమ్మా. ఇంట్లో ఒకళ్ళు పోతేగానీ జాగ్రత్తపడకూడదా ఏంటి?"

తర్వాత నాకు పెళ్ళయింది. విజయవాడలో ఆఫీసు ఉద్యోగం. సలోమీగారు మోకాళ్ళ నొప్పులతో షాపు బాజీకి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నారని తెలిసి, ఒక క్రిస్మస్ సెలవుల్లో చూడ్డానికి వెళ్ళాను. అన్నేళ్ళు షాపులో పనిచేసినా ఆవిడ ఇల్లు ముందుగది దాటి చూసింది లేదు. పెరట్లోకి వెళ్తే మూడు రాళ్ళ పొయ్యి మీద మసిబారిన కాగు. ఆవిడ వంగి పుల్లలు ఎగదోస్తున్నారు. కుంటుకుంటూ చెంబుతో నీళ్ళు తోడి బాత్రూమ్‌లోకి మోస్తున్నారు. పాదం మీద వేణ్ణీళ్ళు ఒలికి కాలిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"మేడమ్, మీ ఇంట్లో గీజర్ లేదా?"

"ఒక్క ప్రాణానికి ఎందుకే? అంతగా అయితే ఓ రాడ్డు తెచ్చుకుంటాలే."

"రాడ్డు వద్దు. ఏదో ఆలోచనలో ఉండి నీళ్ళల్లో చెయ్యి పెట్టేస్తారు."

ఆవిడ వాదించారు, నేనూ వాదించాను. జీవితంలో మొదటిసారి ఆవిడ మీద గొంతు పెంచాను. ఒక్క మనిషికి సరిపోయే చిన్న గీజర్, నీళ్ళు నిలవుండేదే ఎంచాను. స్విచ్చి బాత్రూమ్ బయట, కుళాయి స్టూలు మీద కూర్చుంటే చేతికందేంత కిందకు. సాయంత్రానికల్లా బాజీ బిగించి వెళ్ళాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. కంగారుపడి తలుపు కొట్టబోతుంటే బయటికొచ్చారు. మొహం పసిపిల్ల మొహంలా ఉంది. "ఊరందరికీ పెట్టించాను గానీ, ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలీదమ్మా" అన్నారు.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఎదుటివాళ్ళకు ఏం కావాలో అడిగి తెలుసుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కానీ నన్ను వదలనిది ఆవిడ పాదం మీది ఆ గాయం. మా ఆఫీసులో ఒకావిడ ఉంది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇంటికి వెళ్ళి జావ కాచి ఇచ్చి వస్తుంది. తన సంగతి అడిగితే "నాకేం, నేను బాగానే ఉన్నాను" అంటుంది. అలాంటివాళ్ళ మాట నేనిప్పుడు నమ్మను. ఏదో వంక పెట్టుకుని ఇంటికి వెళ్తాను. మంచినీళ్ళడిగి, ముందుగది దాటి లోపలికి వెళ్ళి చూసొస్తాను.