నూనె డబ్బాకు వినిపించిన పిలుపు

ఈ ఆదివారం తుర్కయంజాల్ అవతలి చెలకలో దూరదూరాల గొంతుల్ని గాలిలో పట్టుకునే రేడియో పోటీ ఉందని, సీనియర్లు తప్పకుండా రావాలని మా హామ్ రేడియో క్లబ్బు గ్రూపులో నిన్న మెసేజ్ వచ్చింది. సీనియర్ల జాబితాలో మొదటి పేరు నాదే. ఉలిక్కిపడ్డాను. నా లెక్కలో సీనియరంటే మా చిన్నాయన ఒక్కడే.

దిల్‌సుఖ్‌నగర్‌లో టీవీలు బాగుచేసే చిన్నాయన, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, కొత్తపేటలో కిరాయి ఇంటి డాబా మీద తీగ కట్టి దేశదేశాల వాళ్లతో మాట్లాడేవాడు. ఎంత గరగరలోనైనా దాక్కున్న గొంతును ఆయన చెవి ఇట్టే పట్టేసేది. చిన్నమ్మ పిలుపు మాత్రం పక్కగదిలోంచి కూడా ఆ చెవికి అందేది కాదు. చాలా ఏళ్ల కింద, ఇదే పోటీకి ముందు, అది వేళాకోళం కాకుండా పోయింది. చెవికి మిషను పెట్టుకోవాలన్నారు దవాఖానలో. ఆయన మొండికేశాడు. "ఈ పోటీల కూసుంట. నాలుగు గొంతులు దొరికితే చెవులున్నట్టు. లేకుంటే రేడియోకు దండం పెడ్త," అన్నాడు.

పోటీ రోజు పొద్దున్నే ఆ చెలకలోనే రెండు వెదురు బొంగుల మధ్య తీగ కట్టి, కారు బ్యాటరీకి సెట్టు తగిలించాం. సెట్టును పరీక్షించడానికి మా దగ్గర ఒక నూనె డబ్బా ఉండేది. పైతీగకు బదులు కేబులు దానికి బిగిస్తే మనం ఎంత అరిచినా ఆ శక్తంతా నూనెను వెచ్చబెట్టి ఊరుకుంటుంది. మన మాట బయటికి పోదు, బయటి మాట లోపలికి రాదు. ఆ పొద్దున పరీక్ష చేసింది నేనే.

తొమ్మిదింటికి చిన్నాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని పిలవడం మొదలుపెట్టాడు. జవాబు లేదు. మీటరు ముల్లు అంతా సవ్యంగానే ఉందంటోంది. పన్నెండయ్యేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది. మమ్మల్ని విననివ్వడు. మాకు వినపడితే ఎట్లా అని ఆయన భయం. కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పే మా విజయవాడ మిత్రుడు, "సూర్యుడి మీద ఏదో గొడవ జరిగుంటుందండీ, బ్యాండు మూసుకుపోయింది, ఎవరికీ ఏమీ వినపడదు," అని ఓదార్చబోయాడు. చిన్నాయన వినిపించుకోలేదు. రెండింటికి హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్లో పెట్టాడు. "గరగర తప్ప ఏం లేదురా. నా చెవులు పోయినయ్," అని సాగర్ రోడ్డు మీదికి నడిచి ఎల్బీనగర్ బస్సెక్కాడు.

ఆ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. సామాను సర్దుదామని బల్ల కిందికి చెయ్యి పెడితే నూనె డబ్బా చురుక్కున కాలింది. పొద్దున నేను బిగించిన కేబులు ఇంకా దానికే ఉంది. విప్పి పైతీగకు బిగించాను. హెడ్‌ఫోన్లలో రైతుబజారంత సందడి. రోడ్డు దాకా పరుగెత్తాను. బస్సు లేదు.

సాయంత్రం ఇంటికెళ్లి, ఆయన చెవి దగ్గర గట్టిగా అరుస్తూ జరిగిందంతా చెప్పి ఏడ్చాను. చిన్నాయన నా తల నిమిరాడు. "నా మనసు నొస్తదని తప్పు నీ మీదేసుకుంటున్నవ్. నేను నేర్పినోనివి, గంత తప్పు నువ్వెట్ల చేస్తవ్రా?" అన్నాడు. ఎంత బతిమాలినా మళ్లీ సెట్టు ముందు కూర్చోలేదు. ఆయనకు నిజంగా ఎంత వినపడేదో ఇక ఎవరికీ తెలియదు. ఆయన పోయాక గడిచిన ఏళ్లన్నిటినీ కాలానికి క్షమించగలను గానీ, బస్సు కదలకముందు ఆ డబ్బా మీద చెయ్యి వెయ్యని ఐదు నిమిషాలను నాకు నేను క్షమించుకోలేను.