మా అత్త మాట, నా వ్యాసం

ఆ వయసులో కొత్త మాట దొరకడమంటే కొత్త సైకిలు దొరకడమే. ఇక ఎక్కడికీ నడిచి పోబుద్ధి కాదు. నంద్యాలలో ఎం.ఏ. తెలుగు చదివేటప్పుడు నాకు దొరికిన మాట 'ఆదిరూపం'. నవలలో ఏ పాత్రా కొత్తగా పుట్టదనీ, వీరుడు, తల్లి, జ్ఞానవృద్ధుడు లాంటి పాత అచ్చుల్లోంచే మళ్లీ మళ్లీ దిగుతుందనీ మా సార్ చెప్పారు. అంతే, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో తిరిగే నాకు మామూలు మనుషులు కనబడటం మానేశారు. బజ్జీల కొట్టు తాత జ్ఞానవృద్ధుడైపోయాడు (ఆయన నాకిచ్చిన జ్ఞానమల్లా 'నూనె కాగలేదు, ఉండు' అన్న మాటే). మా నాయన వీరుడి దారికి అడ్డుపడే చీకటి ఛాయ అని తేల్చి, ఆ సంగతి ఆయనకే చెప్పాను. "ఛాయో గీయో, ముందు ఎనుముకు గడ్డెయ్ పో" అన్నాడు.

ఆ ఊపులోనే కాలేజీ సెమినారుకు వ్యాసం రాశాను. నేను ఎంచుకున్న నవలలో ఒకామె ఉంది. పెళ్లైన రెండో ఏడే మొగుడు చెప్పకుండా వెళ్లిపోతాడు. ఆమె పద్దెనిమిదేళ్లు ఎదురుచూస్తుంది, పల్లెత్తు మాట అనదు. వాన కోసం ఓర్చుకునే భూమాతే ఆమె ఆదిరూపమని పన్నెండు పేజీలు నింపి, వాకిట్లో పచార్లు చేస్తూ గట్టిగా చదువుకుంటున్నాను. అక్కడే వేరుశనగ కాయలు ఒలుస్తున్న మా మేనత్త చెయ్యి ఆపింది. ఆమె మా ఇంట్లోనే ఉండేది. మామ ఎద్దులు కొనుక్కొస్తానని ప్యాపిలి వైపు పోయి మళ్లీ రాలేదు. ఎక్కడో ఇంకో సంసారం పెట్టాడని ఊళ్లో అనేవాళ్లు. ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు. (ఇంత తెలిసీ ఆమె ముందే గొంతెత్తి చదివిన నా తెలివి ఏ ఆదిరూపం కిందికి వస్తుందో!)

"ఆయమ్మకు కోపం రాలేదేందప్పా?" అని అడిగింది.

"భూమాత గదత్తా, ఓర్చుకుంటాది."

"యా భూమి? ఎండకాలంలో మన రేగడి సేను సూల్లేదా? కాలు దిగేటట్టు పగులుతాది. అది ఓర్చుకునేదా? నోరు తెరిసి అరిసినట్టుంటాది. ఇనేటోళ్లు ల్యాక గానీ..."

మాట అక్కడే ఆపేసి, ఒళ్లో పొట్టు దులుపుకొని లోపలికి పోయింది. నేను ఆమె వెనక పోలేదు. ఆ మాట ఎక్కడ మరిచిపోతానోనని పరుగెత్తి పెన్ను తెచ్చుకున్నాను.

సెమినారులో నా భూమాత గురించి చదువుతుంటే వెనక బెంచీలు ఆవలించాయి. చివర చేర్చుకున్న పగిలిన రేగడి దగ్గరికి వచ్చేసరికి అవే బెంచీలు ముందుకు వంగాయి. తర్వాత చప్పట్లు. "ఈ పోలిక ఏ పుస్తకంలోదయ్యా?" అని సార్ అడిగారు. "సొంతం సార్" అన్నాను. మంచినీళ్లు తాగినంత సులువుగా వచ్చింది ఆ అబద్ధం.

సాయంత్రం ఇంటికి వస్తే అత్త గడపలోనే కూర్చుని ఉంది.

"ఆయమ్మ కోపం సంగతి సెప్పినావా?"

"చెప్పినానత్తా."

"ఏమన్నారు?"

"చప్పట్లు కొట్టినారు."

"దానికి సప్పట్లేందప్పా?" అని, అన్నం పెట్టడానికి లేచింది.

ఆ వ్యాసం అచ్చయింది, నాకు పేరొచ్చింది. అత్తకు నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె పక్కన కూర్చోగానే ఎరువుల గురించో, మోకాళ్ల నొప్పి గురించో మాట్లాడేవాణ్ని. పోయినేడు అత్త పోయింది. మామకు కబురంపాలని ఎవరికీ తోచలేదు, తోచినా ఎక్కడికని పంపుతాం?

ఇప్పుడు నేనూ పాఠం చెబుతున్నాను. మొన్న అదే నవల చెబుతూ, ఆ పోలిక నాది కాదనీ, మా అత్తదనీ క్లాసులో మొదటిసారి ఒప్పుకున్నాను. వారం తర్వాత ఒక పిల్ల తన వ్యాసం చివర, ఆధార గ్రంథాల పట్టికలో, పెద్ద పెద్ద విమర్శకుల కింద బుద్ధిగా రాసుకొచ్చింది: 'సార్ వాళ్ల అత్త, ఆళ్లగడ్డ'. చాలాసేపు నవ్వుకున్నాను. అత్త పేరు క్లాసులో చెప్పనే లేదని ఆ తర్వాత గుర్తొచ్చింది.