దవాఖాన వరండాలో జర్మనీ ఆటలు

కామారెడ్డి స్టేషను ముందు ఎల్లారెడ్డి బస్సు ఆగింది. డ్రైవరు దిగి, నన్ను చూసి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"పంతులూ, మీ కాంపౌండర్ సాబ్ పోయిండు. నిన్న పొద్దుగాల."

అతనే మళ్ళీ, "తక్లీఫ్ పడలేదు. చాయ తాగిండట, పేపర్ మడిచి పక్కకు పెట్టిండట, కండ్లు మూసుకున్నడట," అన్నాడు.

"చదివి మడిచారా, చదవకముందే మడిచారా?" అని అడిగాను.

డ్రైవరు నన్ను వింతగా చూశాడు. ఆయనను ఎరిగినవారికి ఆ ప్రశ్న వింతగా తోచదు.

చదువరులకు ఆయన ఎవరో తెలియదు. తెలిసేంత గొప్ప పనులేవీ ఆయన చేయలేదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బాట మీద ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో రెండు గదుల దవాఖాన. డాక్టరు రాసిచ్చిన చిట్టీ చూసి మందు కలిపి సీసాలో పోసి ఇవ్వడం ఆయన పని. నేను ఆ ఊరి బడిలో పంతులుగా ఉన్న ఏడేళ్ళూ మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆయన తుమ్మితే మా ఇంట్లో "చిరంజీవ" అనేవాళ్ళం.

ఆయనకు పేపరంటే ప్రాణం. హైదరాబాదు నుంచి ఉర్దూ పేపరు రైల్లో కామారెడ్డికీ, అక్కణ్ణుంచి బస్సులో మా ఊరికీ వచ్చేది. మర్నాటికి అందితే అదృష్టం. వానకాలంలో వాగులు పొంగితే మూడు రోజుల పేపర్లూ ఒక్కసారే వచ్చేవి. అప్పుడు కూడా పాతదే ముందు విప్పేవారు. "నిన్నటిది ఇనకుండ ఇయ్యాల్టిది ఎట్ల సమజైతది?" అనేవారు. ఉర్దూలో చూస్తూ తెలుగులో చదివేవారు. వినడానికి దవాఖాన వరండా నిండిపోయేది.

దీనికొక చిక్కు ఉండేది. వరండాలో రోగులు తప్ప ఎవరూ కూర్చోకూడదని డాక్టరుగారి హుకుం. కాంపౌండరుగారు ఆ హుకుం తప్పలేదు. పెద్ద సీసా నిండా వాము నీళ్ళు కాచి పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక గుక్క పోసేవారు. "మందు తాగినోడు రోగి. రోగి కూసోవచ్చు. పేపర్ల ఖబర్ ఇనాలంటే తాగాలె," అనేవారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో అజీర్తి అన్న మాట వినలేదు.

నాగిరెడ్డిపేట దిక్కు నుంచి ఒక రైతు అంగడి రోజున తప్పకుండా వచ్చేవాడు. కడుపునొప్పి అని చిట్టీ రాయించుకునేవాడు. "ఎట్లున్నది నొప్పి?" అని కాంపౌండరుగారు అడిగితే, "నొప్పి సంగతి ఎనకకు చూద్దాం సాబ్, ఖబర్ చెప్పు," అనేవాడు.

జర్మనీలో ఒలింపిక్ ఆటలు జరిగిన శ్రావణమాసం నాకు బాగా జ్ఞాపకం. నాట్లు ముగిసి జనానికి కాస్త తీరిక దొరికిన రోజులు. "లోకంల ఉన్న దేశాలన్నీ ఒక్కకాడ చేరి ఆడుకుంటయి," అని ఆయన చెబితే ఎవరూ నమ్మలేదు. "పెద్దోళ్ళా? ఎవుసం ఇడిచిపెట్టా?" అన్నాడు రైతు. హాకీ అంటే ఏమిటో చెప్పడానికి కాంపౌండరుగారు ఒక ముసలాయన చేతికర్ర అడిగి తీసుకుని, నిమ్మకాయను కొట్టి చూపించారు. అది పోయి మందుల బల్ల కింద పడింది. "చిర్రగోనె అసొంటిదే గద!" అన్నారు అందరూ, తమ బిళ్ళంగోడు ఆటను తలచుకుని. ఆ మాటతో హాకీ మా ఊరి ఆటైపోయింది.

పేపరు నిండా ఆటలు జరిగే నగరం ముచ్చట్లే. రోడ్లు అద్దాల్లా ఉన్నాయట, ప్రతి ఇంటి మీదా జెండాలట, పోలీసులు నవ్వుతూ దారి చూపిస్తారట, ఎంత వెతికినా ఒక్క బిచ్చగాడు కనబడడట. కాంపౌండరుగారు మురిసిపోయి చదివేవారు. వరండా అంతా ముక్కున వేలేసుకునేది. "గసొంటి రాజ్యం ఉండాలె," అని ఒకరంటే పదిమంది తలలూపేవారు.

బీడీలు చుట్టి బతికే ఒక అవ్వ దగ్గు మందుకు రోజూ వచ్చేది. నిజమైన రోగి ఆమె ఒక్కతే అని మేం నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు ఆమె దగ్గు ఆపుకుని అడిగింది.

"బిచ్చపోల్లు లేరంటివి. అందరికి బువ్వ దొరికిందా బిడ్డా, లేకుంటే ఎల్లగొట్టిన్రా?"

కాంపౌండరుగారు పేపరు అటూ ఇటూ తిప్పారు. "గది రాయలేదవ్వా."

"రాయకుంటే అడుగు."

అందరూ గొల్లుమన్నారు. జర్మనీని అడగమంటుంది ముసల్ది అని. ఆయనా నవ్వారు.

హాకీలో ఆఖరి ఆట మనవాళ్ళకూ జర్మనీకీ పడింది. అంతకుముందు ఒక సాధన ఆటలో వాళ్ళు మనల్ని ఓడించారని చదివిన దగ్గర్నుంచి వరండాలో ఎవరి ముఖానా కళ లేదు. సరిగ్గా అప్పుడే వానలు పట్టి బస్సు నిలిచిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం బస్సు బురదలో ఊగుతూ వచ్చేసరికి ఊరంతా బాట మీదే ఉంది. మూడు పేపర్లు. రైతు ఉండబట్టలేక, "అన్నా, గీ ఒక్కసారికి అడుగుది తియ్యి," అని బతిమాలాడు. ఆయన వినలేదు. మొదటిది పూర్తిగా చదివారు, ధరలతో సహా. రెండోదానిలో వాన వల్ల ఆట మర్నాటికి వాయిదా పడిందని ఉంది. "ఆడ గూడ వానేనా!" అని జనం తలలు పట్టుకున్నారు. మూడోది విప్పి ఆయన ముందు తనలో తాను చదువుకున్నారు. తర్వాత ఎనిమిది వేళ్ళు చూపించారు.

"మనయి?" అన్నాడు రైతు.

"మనయి. వాళ్ళది ఒక్కటి."

ఆ కేకలకు డాక్టరుగారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు. ఆయన చేతిలో కూడా వాము నీళ్ళ గిలాస పెట్టేశారు ఎవరో. సందడి కొంచెం తగ్గాక రైతు అడిగాడు, "గెలిచినంక జెండా ఎగిరేసిన్రా? ఎవలది?" కాంపౌండరుగారు పేపరు మళ్ళీ ఒకసారి చూసి, "తెల్లదొరలది," అన్నారు. "ఆట మనది, జెండా వాళ్ళదా?" అన్నాడతను.

అంతకు నాలుగు రోజుల ముందే ఇంకొకటి జరిగింది. జిల్లా నుంచి పెద్ద డాక్టరు మా దవాఖాన చూడడానికి వచ్చారు. ముందురోజు గోడలకు సున్నం వేశారు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచారు. రెండు రోజులు ఎవరూ రావద్దని కాంపౌండరుగారే గుమ్మంలో నిలబడి అందరినీ తిప్పి పంపారు. దగ్గుతూ వచ్చిన అవ్వను కూడా, "ఎల్లుండి రా అవ్వా," అని పంపేశారు. వచ్చిన పెద్ద డాక్టరు సంతోషించి వెళ్ళారు.

పది రోజుల తర్వాత ఆ సంగతి పేపరులో పడింది. మా ఊరి పేరు అచ్చులో చూడడం అదే మొదలు. ఆయనకు ఎంత సంబరమో చెప్పలేను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నిలబడి చదివారు. "దవాఖాన పాలలా తెల్లగా ఉన్నది. కాంపౌండరు శ్రద్ధ మెచ్చదగినది. ఊరి ప్రజలు ఎంత ఆరోగ్యంగా ఉన్నారంటే, వరండాలో ఒక్క రోగి..."

అక్కడ ఆగిపోయారు.

ఎదురుగా అవ్వ కూర్చుని ఉంది. ఆ రెండు రోజులూ మందు లేక దగ్గు ముదిరి వారం రోజులు లేవలేకపోయిన మనిషి. "ఆపినవేంది బిడ్డా? మంచిగనే ఉన్నది, సదువు," అంది.

ఆయన పేపరు మడిచారు. "అవ్వా, నువ్వడిగిన సవాలుకు జవాబు దొరికింది."

"ఏ సవాలు?"

"గా ఊర్ల బిచ్చపోల్లు ఏడికి వోయిన్రని అడిగినవు గద. నిన్ను నేనేడికి పంపిన్నో గాడికే."

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి, "పంతులూ, నీ రాత మంచిగుంటది. పేపరోల్లకు ఒక ఖత్ రాయి," అన్నారు. ఆ ఉత్తరంలో ఏముండాలో విని కలం కింద పెట్టేశాను. "నౌకరి పోతది సాబ్," అన్నాను. గోడ అవతలి నుంచి ఆయన భార్య అందుకుంది: "రాయి తమ్మీ. రాయకుంటే గీ మనిషి తినడు, నన్ను తిననీయడు. నాకు ఆకలైతున్నది."

రాశాను. ఆ రోజు రోగులు లేకపోవడానికి కారణం వాళ్ళను తాను తిప్పి పంపడమేననీ, తప్పు తనదేననీ, గోడకు సున్నం కంటే వరండాకు రేకులు ముఖ్యమనీ, వానకు రోగులు తడుస్తున్నారనీ. కింద ఆయన దస్తఖత్ చేశారు.

పేపరు దాన్ని అచ్చు వేసింది. డాక్టరుగారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మేమంతా బదిలీ హుకుం కోసం బిక్కుబిక్కుమంటూ చూశాం. హుకుం రాలేదు కానీ, ఒక వాన రోజున, ఎవరికీ చెప్పకుండా, పెద్ద డాక్టరే వచ్చారు. వరండా కిటకిటలాడుతోంది. సగం మంది తడిసి ఉన్నారు. ఆయన ముందున్న రైతును, "నీకేం బీమారి?" అని అడిగారు.

"నాకేం లేదు సాబ్. మన హాకీ పోరలు పడవ దిగి ఇంటికి చేరిన్రో లేదో అడిగి పోదామని వచ్చిన."

పెద్ద డాక్టరు కాంపౌండరుగారి వైపు తిరిగారు. "వీళ్ళలో నిజమైన రోగులెందరు?"

"కొందరికి దగ్గు సాబ్, కొందరికి జరం, కొందరికి ఖబర్. ఎవలను తిప్పి పంపలేదు, మీరే చూసుకోన్రి."

పెద్ద డాక్టరు నవ్వాపుకోవడం నేను చూశాను. నెల తిరగకుండా రేకులు వచ్చాయి. దవాఖానలో పేపరు చదవరాదని తాఖీదు కూడా వాటితోనే వచ్చింది. "రెండూ ఇన్సాఫే, రెండూ న్యాయమే," అని ఆయన ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి కొలువు ముగిశాక బస్సు ఆగేచోట బండ మీద కూర్చుని చదవసాగారు. వాము నీళ్ళ అవసరం తీరినా జనానికి అలవాటు తీరలేదు. సీసా కూడా బండ మీదికి వచ్చింది.

ఆ తర్వాత పేపరు చదివే తీరే మారిపోయింది. చదవడం ముగించి, "ఇందుల లేనిదేంది?" అని అందరినీ అడిగేవారు. "పేపర్ల ఉన్నది సదవాలె, లేనిది అడగాలె." ఒకసారి ఎప్పటిదో బొంబాయి పేపరు చినిగినదొకటి ఆయన చేతికి చిక్కింది. ఆటల రోజుల్లో ఆ దేశంలో యూదులను తిట్టే బోర్డులు బాటల మీది నుంచి తీసి దాచారనీ, అతిథులు వెళ్ళగానే మళ్ళీ పెడతారనీ లోపలి పేజీ అడుగున నాలుగు వాక్యాలు. వాటిని రెండుసార్లు చదివి, "సున్నం ఆరినంక గోడను చూడాలె," అన్నారు.

యుద్ధం వచ్చాక, అప్పట్లో తలలూపినవాళ్ళే ఆ దేశాన్ని దుమ్మెత్తిపోస్తుంటే ఆయన ఎవరినీ ఎత్తిపొడవలేదు. "మనం గూడ మురిసినం. నేను మీకన్న ఎక్కువ మురిసిన," అనేవారు. నేను బదిలీ మీద కామారెడ్డి వచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి, ఆశీర్వాదానికి బదులు, "పిలగాండ్లకు జవాబులు తక్కువ చెప్పు పంతులూ," అన్నారు. చెప్పిన మాట పాటించడానికే చూస్తున్నాను.

మూడో రోజున ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య ఏడవలేదు. నాకు అన్నం పెట్టి, ఆయన చేసిన అల్లరి పనులు ఒక్కొక్కటీ చెప్పి, నన్ను నవ్వించి పంపింది.

తిరిగి వస్తుంటే ఊరి చివర బస్సు ఆగిపోయింది. ఎండిన పొలంలో పడుచువాళ్ళు చింతకొమ్మలు వంచి చేసుకున్న కర్రలతో హాకీ ఆడుతున్నారు. గుడ్డచెండు దొర్లి వచ్చి బస్సు కిందికి పోయింది. డ్రైవరు హారను కొట్టలేదు. పదేళ్ళ పిల్ల ఒకతి లంగా మోకాళ్ళ పైకి దోపుకుని చక్రాల నడుమ నుంచి పాక్కుంటూ పోయి, ఒళ్ళంతా దుమ్ముతో అవతల తేలింది. చెండును నేల మీద పెట్టి, మా అందరి వంకా ఒక్కసారి చూసి, బలంకొద్దీ కొట్టింది. ప్రయాణికులంతా ఒక పక్కకు ఒరిగి, అది ఎక్కడిదాకా పోతుందో అని చూస్తున్నారు.