“పోయిరాండి” అన్న నోటితోనే

ఈ మాట కడుపులో పెట్టుకుని చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఈ వారం మరీ ఎక్కువైంది. మిషన్ మీద కూర్చుంటే కుట్టు వంకర పోతుంది, లేచి నిలబడితే ఎందుకు లేచానో గుర్తుండదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది నరసరావుపేట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా అమ్మాయి రజియా ఇంటర్లో చేరినప్పుడు బస్టాండు కొట్లో పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం కొన్నాను. ఎదిగే పిల్లల్ని కొట్టకండి, స్నేహితుల్లా ఉండండి, వాళ్లు చెప్పేది వినండి అని అందులో ఉంది. మా అమ్మ నన్ను చీపురుతో పెంచింది. నేనలా పెంచకూడదనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, అందులో అబద్ధం లేదు. మొదట నవ్విన వీధి ఆడవాళ్లే తర్వాత వచ్చి సలహాలు అడిగారు. నాకు కాస్త తలకెక్కింది కూడా.

ఒకరోజు రజియా కాలేజీ నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

“అమ్మీ, నేనూ కోటేశ్వరీ కబడ్డీ సెలక్షన్లకి గుంటూరు పోతన్నాం. అదేమో ఇంట్లో స్పెషల్ క్లాసని చెప్తదంట. సెలక్టయితే అక్కడే హాస్టల్. నువ్వు తిట్టవని చెప్తన్నా.”

“నేనెందుకు తిడతానే? పోయిరాండి,” అన్నాను.

నవ్వుతూనే అన్నాను. లోపల మాత్రం భయమేసింది. నిక్కరేసుకుని నలుగురిలో ఆడటమా? హాస్టలా? వాళ్ల నాన్నకి ఏం చెప్పాలి? వద్దంటే ఆ పుస్తకం లెక్కన చెడ్డ తల్లినైపోతాను, ఊరుకుంటే పిల్ల చెయ్యి దాటిపోతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. మర్నాడు పక్కింటికి పోయి, కోటేశ్వరి తల్లి వెంకాయమ్మక్కకి మొత్తం చెప్పేశాను. నా పేరు బయటికి రానీయనని ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఆమె కోటేశ్వరిని కాలేజీ మాన్పించింది. ఆ ఏడే ఈపూరు సంబంధం చూసి పెళ్లి చేసేసింది. తోడు లేక రజియా ఆగిపోయింది. నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ఓదార్చాను. ఛీ, ఏ మొహంతో ఓదార్చానో.

అది ఒట్టి భయమేనా? కోటేశ్వరి ఆట నేను చూశాను. కూతకెళ్తే దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. నా కూతురు దాని పక్కన మామూలు పిల్ల. ఆ కుళ్లు కూడా ఉందా నాలో? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా లేదని చెప్పలేకపోతున్నాను. పుస్తకాన్ని తిట్టుకుందామనీ చూశాను. దానిదేం తప్పు? వినమంది, విన్నాను. నమ్మి చెప్పిన మాటను మోసుకెళ్లి పక్కింట్లో పడేయమని ఏ పేజీలోనూ లేదు.

మొన్న కోటేశ్వరి వచ్చింది, ఏడో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని.

“పిన్నీ, ఆ పుస్తకం ఉందా? దీన్ని మా అమ్మలాగా కాదు, నీలాగా పెంచాల. రజియా ఏదున్నా నీకు చెప్పుకునేది. నాకు చానా కుళ్లుగా ఉండేది.”

బీరువాలోంచి తీసి ఇచ్చాను. కొంగుతో దుమ్ము తుడుచుకుని సంచిలో పెట్టుకుంది.

వెంకాయమ్మక్క ఒట్టు నిలబెట్టుకునే పోయింది. ఇక ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు మీకు. నిజానికి ఒక్క వాక్యం రాయడానికి ఇంతసేపూ ఇదంతా రాశాను. కోటేశ్వరీ, మీ అమ్మకి చెప్పింది నేనే.