సిలోన్ కర్ర పెన్ను

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలకు మాటలతోపాటే బేరమూ వచ్చేసేది. నాన్నది బట్టల అంగడి, పెదనాన్నది కిరాణా. మా చిన్నాయన ఒక్కడే అంగడి వెనకగదిలో లేతు మిషను పెట్టుకుని కర్రపెన్నులు చేసేవాడు.

ఆ రోజు చేస్తున్నది పక్కింటి అక్క పెన్ను. చనిపోయిన ఆమె నాయన చేతికర్ర విరిగితే మిగిలిన ముక్క అది. సిలోన్ నుంచి వచ్చిన నల్లచేవ కర్ర. ఇంకో ముక్క లేదు. బేతంచెర్ల బడిలో టీచరుగా చేరుతూ, తొలి సంతకం దాంతోనే పెట్టాలని అక్క పట్టుదల. పన్నెండింటికి బస్సు.

నునుపు చేసే పని మారాం చేసి నేను తీసుకున్నాను. గరుకుదాని నుంచి మెత్తనిదాకా ఐదు రకాల ఉప్పుకాగితం వరసగా పట్టాలి. నేను గుట్టుగా రెండు ఎగ్గొట్టి, ఐదింటిని మూడింటికి బేరం తెంచాను. పెన్ను మెరిసింది. చిన్నాయన స్పిరిట్‌ గుడ్డతో తుడిచేసరికి కర్రచుట్టూ గీతలు ఉంగరాల్లా లేచాయి. ఆరగానే మాయమయ్యాయి.

"లక్క పాలిష్ పడితేనే గదా చిన్నాయనా బయటపడేది? ఇట్లే ఇచ్చేద్దాం, బాగానే మెరుస్తాండాది," అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆ స్పిరిట్‌ గుడ్డే నా చేతిలో పెట్టి, "సరే, నువ్వే ఇయ్యి. ఇచ్చే ముందర అక్క ఎదురుగా ఒకసారి తుడువు," అన్నాడు.

అక్క సంచితో వచ్చింది. పెన్ను చూడగానే ఆమె కళ్ళు తడిశాయి. నా చెయ్యి కదల్లేదు.

"అక్కా, దాంట్లో గీతలుండాయి. నేనే దొంగపని చేసినా," అనేశాను.

"మళ్ళా చేస్తే సరిపోతాదా అన్నా?" అని అక్క చిన్నాయన్ని అడిగింది.

"మళ్ళా రుద్దితే శానా సన్నమై మూత నిలబడదు. వేడెక్కితే పగుల్తాది. చెప్పలేను తల్లీ."

అక్క సంచి కింద పెట్టింది. "పోనీలే, రెండింటికి ఇంకో బస్సుండాది. ఆ పాపతోనే చేయించు."

ఐదు కాగితాలూ పట్టాను. ప్రతిదాని తర్వాత లేతు ఆపి, వేలితో వేడి చూసి, కర్ర నిలువునా చేత్తో రుద్దాను. స్పిరిట్‌ గుడ్డతో తుడిస్తే గీత లేదు. లక్క పట్టాక మూత పెడితే, కొంచెం వదులుగానైనా నిలిచింది.

తర్వాత నేనూ చీరల అంగడి పెట్టాను. ఇప్పటికీ చీర విప్పగానే నా నోరు ఊరుకోదు: "ఈడ పోగు లేచిందమ్మా, చూసుకో." ఆ మాటతో నా బేరం అక్కడికక్కడే చెడిపోతుంది. మా వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఎదురుగా నమ్మి నిలబడిన మనిషి ముందు చెయ్యి కదలకపోవడం ఎట్లా ఉంటుందో వాళ్ళకు తెలీదు.